గాలి మీద పెట్టే రూపాయి
పందెం కార్ల జట్లు ఉన్న డబ్బును ఎలా పంచుకుంటాయి?

పిల్లలూ! ఆషాఢమాసంలో అనంతపురం పీఠభూమి మీద సైకిలు తొక్కిన వాళ్లకు గాలికి బలం ఉందని ఎవరూ చెప్పనక్కరలేదు. గాలి వెనకనుంచి వీస్తే పెడలు మీద కాలు మోపితే చాలు, సైకిలు దానంతటదే పోతున్నట్టు ఉంటుంది. అదే గాలి ఎదురైందా, లేచి నిలబడి తొక్కినా బండి కదలనని మొరాయిస్తుంది. కంటికి కనబడని ఆ గాలినే రామగిరి గుట్టల మీది గాలిమరలు పట్టుకుని కరెంటుగా మారుస్తున్నాయి.

కదిలే గాలి వస్తువుల మీద ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రాన్ని వాయుగతిశాస్త్రం అంటారు. విమానం చేసేవారికి, గాలిమర చేసేవారికి, కారు చేసేవారికి కూడా ఈ శాస్త్రం కావాలి. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి కదా! అలాంటి మామూలు కారుకు కూడా గాలిని చీల్చుకుని పోయే రూపం ఎంత బాగా కుదిరితే అంత ఇంధనం మిగులుతుంది. ఇక పందెం కారు సంగతి చెప్పేదేముంది? అక్కడ గెలుపోటములు సెకనులో వందోవంతుతో తేలిపోతాయి.

అయితే ఈ పాఠంలో మనం నేర్చుకోబోయేది గాలి గురించి ఒక్కటే కాదు. గాలిని లొంగదీయడానికి డబ్బు కావాలి. ఆ డబ్బుకు ఒక హద్దు ఉంది. హద్దు ఉన్నప్పుడు ఏ ముక్క మీద ముందు ఖర్చు పెట్టాలి? దేన్ని వదులుకోవాలి? ఈ ప్రశ్న పందెం జట్లకే కాదు, మన సీమలో ఒక్క బోరు మీద బతికే ప్రతి ఇంటికీ తెలిసిన ప్రశ్నే.

గాలి అడ్డు ఎంత?

కారు ముందుకు పోతుంటే గాలి దానిని వెనక్కు నెడుతుంది. దీన్ని గాలి నిరోధం అంటారు. కారు వేగం రెట్టింపు చేస్తే నిరోధం కూడా రెట్టింపు అవుతుందని అనుకుంటున్నారా? కాదు, నాలుగు రెట్లవుతుంది.

ఎందుకో చూడండి. వేగం రెట్టింపైతే ఒక సెకనులో కారుకు ఎదురయ్యే గాలి రెట్టింపు. అంతేకాదు, ఆ గాలి తాకే వేగం కూడా రెట్టింపు. రెండును రెండుతో గుణిస్తే నాలుగు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిరోధం 1 పాలు అనుకుంటే, 200 కిలోమీటర్ల వేగంలో 4 పాళ్లు, 300 కిలోమీటర్ల వేగంలో 9 పాళ్లు. ఆ నిరోధాన్ని నెగ్గడానికి ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యమైతే ఇంకా వేగంగా పెరుగుతుంది: 1, 8, 27 పాళ్లు. అందుకే బలమైన ఇంజను ఒక్కటీ పెట్టుకుంటే సరిపోదు. గాలికి దారి ఇచ్చే రూపం కావాలి.

గాలితో స్నేహం

మరైతే కారును బాణంలా సన్నగా, నున్నగా చేస్తే సరిపోదా? పందెం దారి అంతా తిన్నగా ఉంటే సరిపోయేదే. కాని దారిలో మలుపులు ఉంటాయి. మలుపులో కారు జారిపోకుండా పట్టి ఉంచేది టైరుకు, రోడ్డుకు మధ్య ఉండే ఘర్షణ. టైరును రోడ్డు మీదికి ఎంత గట్టిగా అదిమితే ఈ ఘర్షణ అంత ఎక్కువ.

అదమడానికి కారులో బరువు వేయవచ్చు కదా అంటారేమో! బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, నిజమే. కాని ఆ పెరిగిన బరువును కూడా మలుపులో తిప్పాలి. కాబట్టి లాభం ఏమీ మిగలదు. బరువు పెరగకుండా అదుము మాత్రమే పెరగాలి. ఆ పని గాలి చేస్తుంది!

విమానం రెక్క గాలిలో పోతుంటే దాని మీద పైకెత్తే బలం పుడుతుంది. అదే రెక్కను తలకిందులు చేసి కారుకు బిగిస్తే? బలం కిందికి పనిచేసి కారును నేలకు అదుముతుంది. ఫార్ములా-1 అనే ప్రపంచ ప్రసిద్ధ పందెంలో పరుగెత్తే కారు బరువు సుమారు 800 కిలోలు. మంచి వేగంలో ఉన్నప్పుడు గాలి దానిని అంతకంటే ఎక్కువ బలంతో కిందికి అదుముతుంది.

కారు అడుగుభాగం కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. అదెలాగో మీరే చేసి చూడండి. రెండు కాగితపు పట్టీలను రెండు చేతులతో పట్టుకుని మూతి ముందు నిలువుగా వేలాడదీయండి. మధ్యలో రెండంగుళాల ఎడం ఉంచి, ఆ సందులోకి గట్టిగా ఊదండి. పట్టీలు విడిపోతాయనుకుంటారు. కాని అవి దగ్గరికి వస్తాయి! సందులో వేగంగా పోయే గాలిలో పీడనం తగ్గుతుంది. బయటి గాలి పీడనం పట్టీలను లోపలికి నెడుతుంది. కారు అడుగుపలకకు, రోడ్డుకు మధ్య ఉన్న ఇరుకు సందులో గాలి వేగంగా పోయినప్పుడు జరిగేదీ ఇదే. కారు నేలకు అతుక్కుంటుంది.

కాని ఏదీ ఊరికే రాదు. రెక్క పెద్దదైతే అదుముతో పాటు నిరోధం కూడా పెరుగుతుంది. మలుపుల్లో సంపాదించినది తిన్నని దారిలో కొంత పోతుంది. అందుకే తిన్నని దారులు ఎక్కువగా ఉన్న ఇటలీ దేశపు మోంజాలో కార్లకు పలచని రెక్కలు పెడతారు. అన్నీ మలుపులే ఉండే మొనాకోలో పెద్ద రెక్కలు పెడతారు. ‘మంచి రెక్క’ అనేది విడిగా ఎక్కడా లేదు. ఏ దారికి ఏ రెక్క అన్నదే ప్రశ్న.

డబ్బుకు కట్టిన గట్టు

ఒకప్పుడు ఫార్ములా-1లో డబ్బున్న జట్టు ఎంతయినా ఖర్చు పెట్టేది. పది రకాల రెక్కలు చేసి, తొమ్మిది పారేసినా అడిగేవారు లేరు. చిన్న జట్లు అప్పులపాలై మూతబడేవి. 2021లో ఈ పందేలను నడిపే అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఖర్చుకు ఒక గట్టు కట్టింది. 21 పందేలున్న ఏడాదికి ఒక్కొక్క జట్టు 14 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి ఖర్చు చేయరాదు. డ్రైవర్ల జీతాలవంటి కొన్ని ఖర్చులు ఇందులో చేరవు. తర్వాతి సంవత్సరాలలో అంకె మారుతూ వచ్చినా గట్టు మాత్రం నిలిచింది.

గట్టు దాటితే? 2021లో రెడ్‌బుల్ జట్టు కొంచెం దాటింది. 2022 అక్టోబరులో ఆ జట్టుకు 70 లక్షల డాలర్ల జరిమానా వేశారు. దానితో పాటు గాలి పరీక్షలకు ఇచ్చే వాటాలో పదోవంతు కోత పెట్టారు. గాలి పరీక్షలంటే ఏమిటో, ఈ కోత ఎందుకు పెద్ద శిక్షో కొంచెం సేపట్లో తెలుస్తుంది. ముందు ఒక లెక్క చేద్దాం.

సంచి లెక్క

మీరే ఒక పందెం జట్టుకు పెద్ద అనుకోండి. ఈ ఏడాది గాలికి సంబంధించిన మార్పుల కోసం మీ దగ్గర 100 పాళ్ల డబ్బుంది. మీ ఇంజనీర్లు ఐదు మార్పులు చెప్పారు. ఒక్కొక్క మార్పుకు ఖర్చెంతో, ఒక చుట్టుకు ఎన్ని ‘వందోవంతు సెకన్లు’ మిగులుతాయో ఈ కింద ఉంది. (అంకెలు లెక్క కోసం మనం వేసుకున్నవి.)

ముందు రెక్క: ఖర్చు 40, లాభం 20
అడుగుపలక అంచు: ఖర్చు 30, లాభం 21
వెనక రెక్క: ఖర్చు 25, లాభం 10
బ్రేకుల గాలిగొట్టం: ఖర్చు 10, లాభం 6
ఇంజను మీది కప్పు: ఖర్చు 60, లాభం 27

అన్నీ కలిపితే 165 పాళ్లు కావాలి. మన దగ్గర ఉన్నవి 100. ఏం కొంటారు?

‘అన్నింటికంటే ఎక్కువ లాభం ఇచ్చేది ఇంజను కప్పు, ముందు అది కొందాం’ అని ఒకరంటారు. ‘కాదు, దాని ఖరీదు చూడు, రూపాయికి ఎంత లాభం వస్తుందో లెక్క కట్టు’ అని మరొకరంటారు. రెండోవారి మాట తెలివిగా ఉంది కదూ? చూద్దాం. లాభాన్ని ఖర్చుతో భాగిస్తే అడుగుపలకకు 0.70, గాలిగొట్టానికి 0.60, ముందు రెక్కకు 0.50, ఇంజను కప్పుకు 0.45, వెనక రెక్కకు 0.40 వస్తుంది. ఈ వరుసలో కొంటూ పోదాం. అడుగుపలక 30, గాలిగొట్టం 10, ముందు రెక్క 40. మొత్తం 80 ఖర్చయింది, లాభం 47. చేతిలో 20 మిగిలింది. ఆ 20తో ఏదీ రాదు.

ఇప్పుడు మరోలా చూడండి. ముందు రెక్క మానేసి అడుగుపలక, గాలిగొట్టం, ఇంజను కప్పు కొంటే 30, 10, 60 కలిపి సరిగ్గా 100. లాభం 21, 6, 27 కలిపి 54! రూపాయికి తక్కువ లాభమిచ్చే ఇంజను కప్పును తీసుకున్నా మొత్తం మీద ఎక్కువ మిగిలింది. ఎందుకంటే సంచిలో ఖాళీ మిగలలేదు.

గణితంలో దీనిని సంచి లెక్క అంటారు. ఇంత బరువే మోసే సంచిలో ఏయే వస్తువులు వేసుకుంటే ఎక్కువ విలువ వస్తుంది అన్నదే ఆ లెక్క. ‘రూపాయికి ఎంత?’ అన్న ప్రశ్న మంచి దారి చూపిస్తుంది. కాని ఆఖరి మాట దానిది కాదు. ఐదు వస్తువులైతే కొనే విధాలు 32 మాత్రమే. కాగితం మీద అన్నీ వేసి చూడవచ్చు. వస్తువులు ఇరవై అయితే ఆ విధాలు 10,48,576 అవుతాయి. అందుకే జట్లు కంప్యూటర్ల సాయం తీసుకుంటాయి.

చుట్టుకు 54 వందోవంతులంటే అర సెకనుకు కొంచెం ఎక్కువ. ‘ఓస్, ఇంతేనా’ అనకండి! పందెంలో 60 చుట్లుంటే మొత్తం 32 సెకన్లకు పైనే. కొన్ని పందేలలో మొదటి కారుకు, పదో కారుకు మధ్య ఉండే తేడా ఇంతే.

రెండో తడికి మొదటి తడి విలువ ఉండదు

మన లెక్కలో ఒక చిక్కు దాచిపెట్టాం. ఒకే ముక్క మీద మళ్లీ మళ్లీ ఖర్చు పెడితే ప్రతిసారీ అంతే లాభం రాదు. ఈ సంగతి మన రైతులకు బాగా తెలుసు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా వేళకు పడదు. వర్షాధారంగా వేసిన వేరుశనగ ఊడలు దిగే వేళకో, కాయ ఊరే వేళకో వాన మొహం చాటేస్తే, అప్పుడిచ్చే ఒక్క తడి పంటను నిలబెడుతుంది. అదే చేనుకు వెంటనే రెండో తడి, మూడో తడి ఇస్తే దిగుబడి అంతంత పెరుగుతుందా? పెరగదు. ఆ నీళ్లు పక్కన ఎండుతున్న చేనుకు మొదటి తడిగా ఇస్తే ఎక్కువ ఫలం.

పందెం కారులోనూ అంతే. ముతకగా ఉన్న రెక్కను మొదటిసారి సరిదిద్దితే చాలా లాభం. రెండోసారి అందులో సగం. ఐదోసారికి కొలతకు కూడా అందదు. కాబట్టి తెలివైన జట్టు ‘ఇప్పటిదాకా దేనివల్ల ఎక్కువ లాభం వచ్చింది?’ అని అడగదు. ‘తర్వాతి రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ లాభం వస్తుంది?’ అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. బాగా ఆలోచించండి.

తెలుసుకోవడానికీ ఖర్చే

మరో చిక్కు ఉంది. ముందు రెక్క మారితే దాని మీదుగా వెనక్కు పోయే గాలి తీరు మారుతుంది. ఆ గాలే అడుగుపలక కిందికి, వెనక రెక్క మీదికి పోవాలి. కాబట్టి విడివిడిగా 20, 21 లాభమిచ్చే రెండు ముక్కలు కలిపి బిగిస్తే 41 రాకపోవచ్చు. 30 రావచ్చు, ఒక్కోసారి నష్టమే రావచ్చు. ఏది వస్తుందో బిగించక ముందే ఎలా తెలుసుకోవాలి?

దానికే గాలి సొరంగం ఉంది. అదొక పెద్ద గొట్టంలాంటి గది. ఒక చివర పెద్ద పంకా గాలిని తోస్తుంది. మధ్యలో కారు నమూనాను నిలబెట్టి, గాలి దాన్ని ఎంత వెనక్కు నెడుతోందో, ఎంత కిందికి అదుముతోందో కొలుస్తారు. కారు పరుగెత్తడానికి బదులు గాలి పరుగెత్తుతుందన్నమాట. రోడ్డు కూడా కదులుతున్నట్టు ఉండాలని నమూనా కింద ఒక వెడల్పాటి బెల్టును తిప్పుతారు. ఫార్ములా-1 నిబంధన ప్రకారం నమూనా అసలు కారులో 60 శాతానికి మించకూడదు. గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు దాటకూడదు.

ఈ పరీక్షలకూ వాటాలున్నాయి. ఏడాదిని ఆరు గడువులుగా విడదీసి, ఒక్కొక్క గడువులో ఎన్నిసార్లు సొరంగం నడపవచ్చో లెక్క పెట్టారు. 2022 నుంచి వచ్చిన పద్ధతిలో పూర్తి వాటా 320 సార్లు. మొదటి స్థానంలో ఉన్న జట్టుకు అందులో 70 శాతమే, అంటే 224 సార్లు. పదో స్థానంలో ఉన్న జట్టుకు 115 శాతం, అంటే 368 సార్లు. వెనకబడినవారికి ఎక్కువ, ముందున్నవారికి తక్కువ! మామూలుగా కాలువ నీళ్లు తల దగ్గర పొలాలకు ముందు అందుతాయి. చివరి పొలాలకు చేరేసరికి కాలువ ఎండిపోతుంది. ఇక్కడ ఆ వరుసను తిరగేశారన్నమాట.

రెడ్‌బుల్ జట్టుకు పదోవంతు కోత ఎందుకు పెద్ద శిక్షో ఇప్పుడు అర్థమైందా? డబ్బు పోతే డబ్బే పోతుంది. పరీక్షలు పోతే, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసుకునే అవకాశమే పోతుంది.

ఇద్దరి కథలు

2008లో హోండా జట్టు కారు బాగా వెనకబడి ఉంది. దాన్ని సరిదిద్దడానికి డబ్బు పోస్తూ కూర్చోకుండా, ఆ జట్టు తన శక్తిని మరుసటి ఏడాది కారు మీద పెట్టింది. ఎందుకంటే 2009లో నిబంధనలు పూర్తిగా మారబోతున్నాయి. పాత కారు మీద పెట్టిన రూపాయి ఆ ఏడాదితో పోతుంది. కొత్త కారు మీద పెట్టినది నిలుస్తుంది. తిండికి ఇబ్బంది అయినా విత్తనపు కాయలను ముట్టుకోని రైతు తెలివి ఇది.

ఇంతలో పిడుగులాంటి వార్త! 2008 డిసెంబరులో హోండా కంపెనీ పందేలు మానుకుంటున్నానని చెప్పింది. జట్టు పెద్ద రాస్ బ్రాన్ దానిని తానే తీసుకున్నాడు. బ్రాన్ జీపీ అని పేరు మారింది, ఇంజను కూడా మారింది. కారు అడుగున వెనకభాగంలో గాలి విచ్చుకుని బయటికి పోయే దారిని డిఫ్యూజర్ అంటారు. ఈ కారులో దాన్ని రెండంతస్తులుగా చేశారు. మొదటి ఏడు పందేలలో ఆరింటిని జెన్సన్ బటన్ గెలిచాడు. తర్వాత కారును మెరుగుపరచడానికి చాలినంత డబ్బు లేక జోరు తగ్గింది. అయినా ముందు సంపాదించిన పాయింట్లే కాపాడాయి. 2009లో డ్రైవరు బిరుదు, జట్టు బిరుదు రెండూ వారివే.

రెండో కథ మన దేశం పేరు పెట్టుకున్న జట్టుది. ఫోర్స్ ఇండియా 2008లో పందేలలోకి వచ్చింది. దాని కార్ఖానా ఇంగ్లండులో ఉండేది. పెద్ద జట్లతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ. దానికి సొంత గాలి సొరంగం ఉండేది కాని, అందులో సగం సైజు నమూనానే పరీక్షించేవారు. 2015లో ఆ జట్టు జర్మనీలోని కొలోన్ నగరంలో టొయోటా కంపెనీ సొరంగాన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. అక్కడ 60 శాతం నమూనా పడుతుంది. నమూనా పెద్దదైతే కొలతలు అసలు కారుకు మరింత దగ్గరగా ఉంటాయి. కొద్ది డబ్బులోనే కొంత తీసి కొలతకు పెట్టారన్నమాట! 2015 జూలైలో బ్రిటన్ పందేనికి కొత్త రూపంతో కారు వచ్చింది. ఆ ఏడాది జట్టుకు అయిదో స్థానం. 2016లోనూ, 2017లోనూ నాలుగో స్థానం దక్కాయి. డబ్బు కష్టాలు మాత్రం తీరలేదు. 2018లో జట్టు చేతులు మారింది. మంచి లెక్క తక్కువ డబ్బును బాగా వాడుకోగలదు. లేని డబ్బును పుట్టించలేదు.

హైదరాబాదులో చేసినదేమిటి?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. దీనిని ఫార్ములా-ఈ అంటారు. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా-ఈ పందెం ఇదే. 2.83 కిలోమీటర్ల ఆ దారిలో 11 జట్ల కార్లు 22 పరుగెత్తాయి. మన దేశపు మహీంద్రా జట్టు కూడా అందులో ఉంది.

ఈ పందెంలో ఒక వింత ఉంది. కారు పైరూపం, రెక్కలు అన్ని జట్లకూ ఒక్కటే! ఎవరూ మార్చకూడదు. గాలి మీద డబ్బు పోసే పోటీ మొదలైతే ఖర్చుకు అంతుండదని నిర్వాహకులు ఆ తలుపే మూసేశారు. జట్లు తమ తెలివిని మోటారు మీద, బ్యాటరీలోని కరెంటును పొదుపుగా వాడే పద్ధతుల మీద పెట్టాలి.

అంతమాత్రాన గాలి ఊరుకుందా? లేదు! ముందు కారు గాలిని చీలుస్తూ పోతే దాని వెనక నిరోధం తక్కువగా ఉంటుంది. అక్కడ నక్కి పరుగెత్తే కారుకు కరెంటు మిగులుతుంది. హైదరాబాదులో ముందు పరుగెత్తిన జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో చివరికి మిగిలిన శక్తి తక్కువ. వెనక తరుముతున్న నిక్ క్యాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దారి ఇవ్వకుండా, ఉన్న కొంచాన్ని చివరి మలుపు దాకా సరిపెట్టి వెర్నే గెలిచాడు. డబ్బయినా, కరెంటయినా, ఉన్నది కొంచెమే అయినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే.

మన సీమలో ఇదే లెక్క

ఇప్పుడు మళ్లీ అనంతపురానికి వద్దాం. ఇక్కడ నేల అడుగున ఉన్నది ఎక్కువగా గట్టి రాయి. నీరు రాతి పగుళ్లలోనే ఉంటుంది. పగులు తగిలితే బోరులో నీళ్లు, తగలకపోతే దుమ్ము. ఒక బోరు ఎండితే అప్పు చేసి రెండోది, అది ఎండితే మూడోది వేయించి దెబ్బతిన్న కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. ‘ఇప్పటికే ఇంత పెట్టాం, ఇంకొక్కటి వేద్దాం’ అన్న ఆలోచనే చాలామందిని ముంచింది. పందెం జట్టు భాషలో చెప్పాలంటే, అది తర్వాతి రూపాయి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కాదు. పోయిన రూపాయి వెంట పరుగు.

2003లో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల పల్లెల్లో ఒక మంచి పని మొదలైంది. భూగర్భజలాన్ని రైతులే నిర్వహించుకునే పథకం అది. రైతులే వానమానికతో వర్షం కొలిచారు. బోర్లలో నీరు ఎంత లోతున ఉందో, గంటకు ఎంత వస్తోందో కొలిచి రాసుకున్నారు. రబీ పంటకు ముందు అందరూ కూర్చుని, భూమిలో వాడుకోదగ్గ నీరు ఎంత ఉంది, వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. దానికి ‘పంట నీటి బడ్జెట్’ అని పేరు. ఒక ఎకరం వరికి పట్టే నీటితో రెండు మూడెకరాల ఆరుతడి పంట పండుతుందని అంకెల్లో కళ్ల ముందు కనబడేసరికి, చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు.

గమనించారా? ఇది కూడా సంచి లెక్కే. సంచి పేరు భూగర్భజలం. వస్తువుల పేర్లు వరి, వేరుశనగ, చీనీ, రాగి. గాలి సొరంగం చేసే పనిని ఇక్కడ వానమానిక, కొలతాడు చేశాయి. పందెంలో లెక్క తప్పితే ఒక బహుమతి పోతుంది. ఇక్కడ తప్పితే ఒక ఇంటి ఏడాది తిండి పోతుంది. అందుకే ఈ లెక్క మనకు ఇంకా బాగా రావాలి.

మీరే చేయండి

కావలసినవి: ఒక బల్ల పంకా, ఒక పాత పోస్టుకార్డు, దారం, కోణమానిని, జిగురు.

పోస్టుకార్డులోంచి ముక్కలు కత్తిరించి రకరకాల రూపాలు చేయండి: చదునైన పలక, మధ్యకు మడిచిన పలక, శంకువు, గొట్టం. ఒక్కొక్క దాన్ని దారంతో కట్టి పంకా ముందు వేలాడదీయండి. పంకా తిరిగినప్పుడు దారం నిలువు నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగిందో కోణమానినితో కొలవండి. రూపాలన్నింటి బరువూ సమానంగా ఉంటేనే పోలిక సరిగ్గా ఉంటుంది. ఎక్కువ జరిగితే నిరోధం ఎక్కువ. పంకాకు జాలీ ఉండాలి. వేళ్లు దగ్గరికి పోనివ్వకండి.

ఇక అసలు నియమం: పోస్టుకార్డు ఒక్కటే, పంకా వేయడం ఎనిమిదిసార్లు మాత్రమే. ఇద్దరిద్దరు జట్టుగా చేరి అతి తక్కువ నిరోధం గల రూపం ఏ జట్టు చేస్తుందో చూడండి. మొదటి ఎనిమిది నిమిషాల్లో ఎనిమిది పరీక్షలూ అయిపోయిన జట్టు ఏమైందో, ఆలోచించి ఒక్కొక్కటే వాడుకున్న జట్టు ఏమైందో రాసుకోండి.

ఆలోచించండి

పైన సంచి లెక్కలో మన దగ్గర 100 పాళ్లకు బదులు 70 పాళ్లే ఉంటే ఏయే మార్పులు కొనాలి? ‘రూపాయికి ఎంత’ అన్న వరుసలో, డబ్బు చాలని వాటిని దాటేస్తూ కొంటే ఎంత లాభం వస్తుంది? అన్నింటికంటే ఎక్కువగా ఎంత రాబట్టవచ్చు?

జవాబు: వరుస ప్రకారం కొంటే అడుగుపలక, గాలిగొట్టం, వెనక రెక్క వస్తాయి, ఖర్చు 65, లాభం 37. అడుగుపలక, ముందు రెక్క కొంటే ఖర్చు సరిగ్గా 70, లాభం 41. ఇంతకంటే ఎక్కువ రాదు.